ఏడో మడుగు, తొమ్మిది మూరలు

మొదటి రోజు. ఒకటో మడుగు. గట్టు మిగులు: ఇరవై రెండు మూరలు.

ఇది నా పంతొమ్మిదో నడక. పుస్తకం కొత్తది, పెన్సిలు పాతది. మడుగులు కొలిపించే కార్యాలయం వాళ్ళు ఈసారీ మైనం పూసిన కాగితమే ఇచ్చారు. ముసురులో నానినా గీత చెరగదు. అంకె ఒక్కటి రాస్తే చాలంటారు. మిగిలింది నా కోసం రాసుకుంటాను. ముప్ఫై రోజుల దారిలో నాతో ఉండేది పడవ నడిపే కొర్రా బుద్రు ఒక్కడే. ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి అతనికి ఒక పూట పడుతుంది.

ఆకాశంలో యంత్రాలు తిరిగినన్నాళ్ళూ ఈ మడుగుల్ని ఎవరూ నడిచి కొలవలేదు, పైనుంచే చూసేవాళ్ళు. చివరి యంత్రం ఆగిపోయిన ఏడాది నన్ను ఈ పనిలోకి తీసుకున్నారు. వానలకి కొండ విరిగి ఏటికి అడ్డం పడుతుంది, వెనక నీళ్ళు నిలిచి మడుగవుతుంది. ఆ మట్టిగట్టు అంచుకీ నీటికీ మధ్య ఇంకా ఎంత మిగిలి ఉందో చూసి రాయాలి. మిగులు రెండు మూరలకి దిగితే కింద ఊరివాళ్ళు లేచిపోవాలి. ఇలాంటివి దారిలో ఏడున్నాయి. ఊళ్ళలో నన్ను నూకరత్నం అని ఎవరూ పిలవరు. మట్టాలమ్మ అంటారు.

పొద్దున్న మోతబండి కాలు ఒకటి పట్టేసింది. నాలుక్కాళ్ళ యంత్రమే అయినా వెనక ఎడమ కాలు ఎప్పుడూ మొరాయిస్తుంది. ఆముదం పోసి, రాయితో రెండు దెబ్బలు వేస్తే కదిలింది. నా మోకాలికి వావిలాకు కట్టాను. దాని మీద రాయితో కొట్టే వీల్లేదు.

నాలుగో రోజు. మూడో మడుగు. గట్టు మిగులు: పదిహేడు మూరలా ఒక జాన.

రోజంతా పడవలోనే గడిచింది. నీటి కింద మునిగిన అడవి ఉంది, ఎండిన కొమ్మలు పడవ అడుగుని గీస్తూ ఉంటాయి. బుద్రు వాటి మధ్యలోంచి తెడ్డుతో దారి వెతుక్కుంటూ పోతాడు. అతనికి అరవై దాటాయి, నాకు యాభై ఆరు. ఇద్దరిలో ఎవరు ముందు మానేస్తారో అని కార్యాలయంలో అనుకుంటారట.

ఒడ్డు దిగాక జలగలు. ఉప్పు మూట తడిసి నీరుకారిపోయింది, అగ్గిపుల్లతో ఒక్కొక్కటే కాల్చి తీశాం. మధ్యాహ్నం చోడి అంబలి, అంటే రాగి జావే, రాత్రికి మళ్ళీ అదే.

"ఈ ముసురు ఇడిసేలా నేదు," అన్నాడు బుద్రు.

పొద్దున్న నేను అడిగిన దానికి జవాబు అది.

ఎనిమిదో రోజు. కుసుంపుట్టు.

నాలుగు, అయిదు, ఆరు మడుగులు అయ్యాయి. అంకెలు వెనక పేజీలో రాశాను, వాటితో గొడవ లేదు.

కుసుంపుట్టు ఏడో మడుగు కింద ఊరు. నలభై ఒక్క ఇళ్ళు. ఊరి పెద్ద వంతల దోయిమతి ఎప్పటిలాగే దారిలోకి ఎదురొచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది. నా సంచి లాక్కుని భుజాన వేసుకుంది.

"అక్కా, వొచ్చీసినావా! మోకాలు ఎలాగున్నాది?"

"ఉంది. నాతోనే వచ్చింది."

నవ్వింది. ఊళ్ళోకి నడుస్తుంటే కింద గెడ్డవార, ఏటి ఒడ్డు చదునులో కొత్త ఇళ్ళు కనిపించాయి. నిరుడు అక్కడ తుప్పలుండేవి. పదకొండు ఇళ్ళు, వాటి చుట్టూ మోకాలెత్తు చోడి చేలు.

"లచ్చు వాళ్ళు దిగీసినారు. మంచి నేల. మిట్ట మీద రాళ్ళు తవ్వీ తవ్వీ ఇసుగెత్తిపోనాం కదేటి," అంది. "నీ పలక సూసే దిగినారు."

ఊరి నడుమ పలక మీద సున్నంతో నా చేతిరాత అలాగే ఉంది. ఏడో మడుగు, గట్టు మిగులు: తొమ్మిది మూరలు. వానకి చెరిగినప్పుడల్లా ఎవరో దాని మీదే దిద్దుకుంటూ వచ్చారు. నా తొమ్మిది నేను రాసినదానికంటే అందంగా తయారైంది.

గెడ్డ దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి ఇలా వస్తోంది?"

"నెల్లాళ్ళ బట్టి. పైన వానలు కదా."

వాన నీరు వచ్చి పోతుంది. నెల్లాళ్ళు ఒకే రంగులో పారదు. ఆ మాట దోయిమతితో అనలేదు. పాంగి లచ్చు వచ్చి తన కొత్త ఇల్లు చూడమన్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, గట్టి మనిషి. గుమ్మం తనే చెక్కాడట. బాగుందన్నాను. అతని పెళ్ళాం నాకు తేనె కలిపిన చోడి రొట్టె పెట్టింది. తిన్నాను.

ఇక్కడ రాయాల్సింది ఒకటుంది. ఆ తొమ్మిది నేను కొలవలేదు.

నిరుడు ఇదే ఊరి నుంచి బయల్దేరి కనుమ దాకా ఎక్కాం. అక్కడ మోకాలు కుండలా వాచింది. పైకి ఇంకా ఒక పూట దారి. కనుమ గుడిసెలో రెండు రోజులు కూర్చున్నాం. అంతకుముందు ఏడాది మిగులు పదకొండు మూరలుంది. ఏడాదికి రెండు చొప్పున తగ్గుతూ వస్తోంది. పదకొండులోంచి రెండు తీసి రాసేశాను. బుద్రు నా ఎదురుగానే కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. రాయడం చూశాడు. దాని గురించి ఏడాదిగా మా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

పదో రోజు. కనుమ.

ఎండకి నిండే బ్యాటరీ అయిపోయి మోతబండి పూర్తిగా ఆగిపోయింది. దాన్ని గుడిసె పక్కన వదిలి, రెండు రోజుల తిండి వీపున కట్టుకున్నాం. కాలు గురించి రాయను. రాస్తే ఇంకేమీ రాయడానికి చోటుండదు.

పదకొండో రోజు. ఏడో మడుగు. గట్టు మిగులు: ఒక మూరా ఒక జాన.

మూడుసార్లు చూశాను. బుద్రు చేత కూడా చదివించాను. మడుగు అంచున పాతిన కొలకర్ర పైకొస మాత్రమే నీళ్ళ పైన ఉంది.

నీళ్ళు బయటికి ఊరే సందులన్నీ కొట్టుకొచ్చిన దుంగలతో మూసుకుపోయాయి. అవి నిన్నా మొన్నా వచ్చినవి కావు, బెరడు కుళ్ళి నాచు పట్టి ఉన్నాయి. నిరుడు వచ్చి ఉంటే కనిపించేవే. వందమందిని తెచ్చి ఒక ఎండాకాలం పని చేయిస్తే దుంగలు తీయించవచ్చు. ఇప్పుడు ఆ గట్టు మీద మనుషుల్ని నిలబెట్టడం కుదరదు.

గట్టు వెనక్కి దిగి చూశాం. అడుగున నీళ్ళు చిమ్ముతున్నాయి, ఎర్రగా, బురదగా. అంటే గట్టు లోపల్నుంచి కొట్టుకుపోతోంది. పైన మొలిచిన చెట్లు రెండు కిందికి వాలాయి.

నీటి అంచున ఒక రాయి పెట్టి గుర్తు పెట్టుకున్నాను. సాయంత్రానికి రాయి మునిగింది.

"సెప్పీయాల," అన్నాడు బుద్రు.

"నీటి సంగతా?"

"రెండూను."

పదమూడో రోజు. కుసుంపుట్టు.

దిగేటప్పుడు రెండుసార్లు పడ్డాను. ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దోయిమతి డప్పు కొట్టించి అందరినీ పలక దగ్గరికి పిలిచింది. సగం మంది చేలల్లోంచి కొడవళ్ళతోనే వచ్చారు.

అంకె చెప్పాను. నాలుగు రోజుల్లో ఊరు ఖాళీ చేసి ఊరి పైనున్న జీలుగుమిట్ట ఎక్కాలన్నాను. ఎవరూ అరవలేదు. లచ్చు మాత్రం ముందుకొచ్చాడు. కోపంగా లేడు. నాకు సాయం చేస్తున్నట్టుగానే మాట్లాడాడు.

"మట్టాలమ్మా, మంచులో తప్పు సూసినావేమో. అంతకుముందేడు పదకొండు. నిరుడు తొమ్మిది. నాను లెక్క కట్టుకున్నాను, ఏడాదికి రెండేసి. ఈ ఏటికి ఏడు మూరలుండాల. ఒకటిన్నర ఎలాగవుతాది? ఒక్కపాలి మళ్ళీ ఎల్లి సూసిరా. చోళ్ళు పది రోజుల్లో పండీతాయి. ఇప్పుడు కోస్తే పచ్చి వెన్ను. ఏటి తింటాం?"

"అవును, పది రోజులే కదా," అన్నారు వెనకనుంచి.

"నీ అంకె ఎప్పుడూ తప్పు నేదు," అంది దోయిమతి. "అందుకే అడుగుతున్నాం అక్కా. ఏది నమ్మాల? తొమ్మిదా, ఒకటిన్నరా?"

పలక నా వీపు వెనకే ఉంది. తిరిగి చూడలేదు.

"నిరుడు నేను పైకి వెళ్ళలేదు," అన్నాను.

అర్థం కానట్టు చూశారు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"కాలు వాచి కనుమ దగ్గరే ఆగిపోయాను. గట్టు దాకా వెళ్ళి కొలకర్ర చూడలేదు. పదకొండులోంచి రెండు తీసి రాశాను."

"ఎల్లకుండా రాసినావా?" అన్నాడు లచ్చు.

"నువ్వు లెక్క కట్టుకున్నావే, అలాగే కట్టాను."

అతని మొహం మారడం చూశాను. ఒక్కసారిగా మారలేదు. ముందు చదునులో ఉన్న తన ఇంటి వైపు చూశాడు, తర్వాత పెళ్ళాం వైపు, ఆ తర్వాత నా వైపు. నా కాళ్ళ ముందు ఉమ్మేసి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"నానూ ఉన్నాను," అన్నాడు బుద్రు. జనంలో అతను గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు. "రెండ్రోజులు గుడిసెలో కూకున్నాం. నాకు కాళ్ళు బాగానే ఉన్నాయి. నానెల్లి సూసొస్తానని అననేదు. నాకూ బద్దకమే."

ఒక ముసలాయన నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. నాకు రాని భాషలో తిట్టాడు కాని అర్థమైంది. దోయిమతి చెయ్యెత్తి ఆపింది.

"ఎన్నాళ్ళుంటాది?"

"నాలుగు రోజులు. అయిదో రోజు మీద నాకు నమ్మకం లేదు."

"ఇదైనా సూసి సెప్తున్నావా?"

"చూసి చెప్తున్నాను."

ఆమె జనం వైపు తిరిగింది. "కొడవళ్ళు సేతిలోనే ఉన్నాయి కదా. చదునులో చేలు ముందు కొయ్యండి. పచ్చిదైనా కొయ్యండి. ముసిలోళ్ళనీ పిల్లల్నీ ఇయ్యాలే మిట్ట ఎక్కించీయండి. తిట్టుకోడానికి ఏడాదంతా ఉన్నాది."

గట్టు తెగేముందు ఎవరైనా చూసి చెప్పాలి కదా అన్న మాట వచ్చింది. బుద్రు అప్పటికే గెడ్డ నీళ్ళకి తిరిగే చక్రం దగ్గర నింపిన ఊరి బ్యాటరీని గుడ్డలో చుట్టుకుంటున్నాడు. కనుమ దగ్గర వదిలిన మోతబండికి బూర ఉంది. కనుమ గుడిసె గట్టుకి ఎదురుగా, పక్క కొండ మీద ఉంటుంది. అక్కణ్ణుంచి లోయ మీదుగా మడుగూ గట్టూ కనిపిస్తాయి, కొలకర్ర గాట్లు మాత్రం కనిపించవు. బూర మోగితే ఊరికి వినిపిస్తుంది.

"నేనూ వస్తాను," అన్నాను.

"నువ్వు ఎక్కేసరికి అది తెగీతాది," అన్నాడు. వెళ్ళిపోయాడు.

పదిహేనో రోజు.

కొడవలి నాకు సరిగ్గా పట్టుకోవడం రాదు. బుట్టలు మోస్తున్నాను. చదును నుంచి మిట్టకి నిటారు దారి. నిన్న తొమ్మిదిసార్లు ఎక్కాను, ఇవాళ ఆరు. వెన్నులు ఇంకా పాలు కారుతున్నాయి. చేతికంటుకుని నల్లబడుతున్నాయి.

నాతో ఎవరూ మాట్లాడరు. మధ్యాహ్నం అందరికీ అంబలి పోస్తారు, నాకూ పోస్తారు. గిన్నె చేతికివ్వకుండా పక్కన పెట్టి వెళ్తారు. దోయిమతి నన్ను ఏమనీ పిలవడం లేదు. "ఇది మొయ్యి", "అక్కడ పెట్టు" అంతే. అది నాకు తేలికగానే ఉంది. పని చెప్తే చేస్తాను. ఈ రెండు రోజుల్లో ఎవరైనా దయగా మాట్లాడి ఉంటే కూలబడి ఉండేదాన్ని.

పదహారో రోజు. జీలుగుమిట్ట.

పొద్దున్న అంబలి వేళకి బూర వినిపించింది.

నేను దారి మధ్యలో ఉన్నాను, దిగుతున్నాను. ఆఖరి చేను ఇంకా సగం ఉంది. పైవాళ్ళందరూ ఒక్కసారిగా కేకలేశారు. చదునులో ఉన్న నలుగురూ బుట్టలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు, నన్ను దాటిపోయారు. లచ్చు ఒక్కడూ రాలేదు. గుమ్మం ఊడదీస్తున్నాడు. తను చెక్కిన గుమ్మం.

"వదిలెయ్ లచ్చూ! వదిలేసి రా!"

వినలేదు. బూర ఆగకుండా మోగుతూనే ఉంది. నేను ఇంకాస్త దిగి మళ్ళీ అరిచాను. అప్పుడు తలెత్తాడు. పైనుంచి గాలి వచ్చింది, తడిమట్టి వాసన, విరిగిన పచ్చికర్ర వాసన. గుమ్మం వదిలేసి పరిగెత్తాడు.

నేను వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో మోకాలు మడిచినట్టు మడుచుకుపోయింది. చేతులతో పాకాను. లచ్చు వెనకనుంచి వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. లేపలేదు, అలాగే ఈడ్చుకుంటూ ఎక్కాడు. నా చెంప రాళ్ళకి గీసుకుంది. ఏదో తిడుతూనే ఉన్నాడు, ఆ హోరులో వినిపించలేదు.

వచ్చింది నీళ్ళలా లేదు. నిలబడి ఉన్న చెట్లు నిలబడినట్టే నడిచి వచ్చాయి. వాటి వెనక ఎర్రటి బురద గోడ. పదకొండు ఇళ్ళూ పక్కకి జరిగినట్టు కనిపించాయి, ఆ తర్వాత లేవు. పాత ఊళ్ళో కింది వరస ఇళ్ళు కూడా పోయాయి, పలక ఉన్న చోటు పోయింది. ఒక కుండ అన్నం ఉడికేంతసేపు పారింది. కింద ఆరో మడుగు వెడల్పైనది, గట్టు ఎత్తైనది. అంత నీటినీ అది పట్టుకుందని తర్వాత తెలిసింది.

దోయిమతి ఇంటింటి పేర్లు పిలిచింది. పలికినవాళ్ళని పలికినట్టు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒకసారి పూర్తిచేసి మళ్ళీ మొదట్నుంచి పిలిచింది. నూట డెబ్భై నాలుగు మంది. అందరూ ఉన్నారు. రెండు దూడలు పోయాయి.

లచ్చు నాకు దూరంగా కూర్చుని రెండు చేతులతోనూ తల పట్టుకుని ఉన్నాడు. బూర ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

పద్దెనిమిదో రోజు.

మధ్యాహ్నం బుద్రు వచ్చాడు. కనుమ దారి సగం జారిపోయిందట, కొండ చుట్టూ తిరిగి వచ్చాడు. రెండు రోజులుగా ఏమీ తినలేదు. మోతబండిని అక్కడే వదిలేశాడు.

"ముందు గట్టు నడిమిన ఒక గాడి పడినాది," అన్నాడు, అంబలి తాగుతూ. "మనిసి పట్టేంత. బూర నొక్కినాను. నొక్కుతానే ఉన్నాను. కాసేపటికి మడుగు నేదు. అడుగున సేపలు కొట్టుకుంటన్నాయి."

నా చెంప మీద గాయం చూశాడు. ఏమైందని అడగలేదు. సాయంత్రం అడిగాడు.

ఇరవయ్యో రోజు.

వాన ఆగలేదు. పచ్చి వెన్నులు బూజు పడుతున్నాయి. వెదురు తట్టల మీద పరిచి కింద పొగ పెట్టాం. సగం దక్కితే గొప్ప. శీతాకాలం చివర ఈ ఊరు దుంపలు తవ్వుకుని బతకాలి. ఆరేళ్ళ పిల్ల ఒకతె పచ్చి గింజలు నమిలి వాంతి చేసుకుంది. నేను శుభ్రం చేశాను.

దోయిమతి వచ్చి పొగ పక్కన కూర్చుంది.

"కార్యాలయానికి రాసినావా?"

"రాశాను. నిరుటిది కూడా రాశాను."

"నిన్ను తీసేస్తారేటి?"

"తీసేస్తారు."

"తీసెయ్యాల," అంది. గొంతులో కోపం లేదు. కట్టెలు తడిశాయని చెప్పినట్టే చెప్పింది. "కిందన గెడ్డకి బురద అడ్డం పడినాది, సూసినావా? నీళ్ళు నిలుస్తున్నాయి."

చూశాను. ఊరికి కింద, మేం తిరిగి వెళ్ళాల్సిన దారిలోనే. ఎనిమిదోది పుడుతోంది.

"కొత్తోళ్ళు ఎప్పుడొస్తారో. వొచ్చినా ఏడాదికొక్కపాలి. ఇంక మేమే కొలుసుకుంటాం. లచ్చుకి నేర్పు."

"లచ్చు నేర్చుకుంటాడా, నా దగ్గర?"

"నానే అడిగినాను. ఒప్పుకున్నాడు. నీ మాట నమ్మనని సెప్పి ఒప్పుకున్నాడు."

పంతొమ్మిదేళ్ళుగా నేను ఒక్కదాన్నే చేసిన పని. పోతోందంటే గుండె బరువెక్కుతుందనుకున్నాను. నిద్ర వచ్చింది. పొగ పక్కనే ఒరిగి పడుకున్నాను.

ఇరవై మూడో రోజు. ఎనిమిదో మడుగు.

మూడు రోజులు పట్టింది కొలకర్ర తయారుచేయడానికి. వెదురు బొంగుకి మూరలూ జానలూ అంగుళాలూ గాట్లు పెట్టి, పక్క బండకి ఇనుప తీగతో బిగించాం. గట్టు అంచుతో ఎలా సరిచూసుకోవాలో, నీరు అలలాడుతుంటే ఎక్కడ చదవాలో, వంగి నీటికి కన్ను సమానంగా ఎందుకు పెట్టాలో చెప్పాను. లచ్చు ఒక్కొక్కటీ రెండుసార్లు అడిగాడు. ఎదురుప్రశ్న వేశాడు. నేను చెప్పింది ఒకచోట తప్పని చూపించాడు, నిజంగానే తప్పు.

ఇవాళ పొద్దున్న మొదటి కొలత. ఇద్దరం విడివిడిగా చదవాలన్నాడు. ఒకరు చదువుతుంటే రెండోవాళ్ళు వెనక్కి తిరిగి నిలబడాలి. ముందు నేను దిగి చూసి వచ్చాను. తర్వాత అతను దిగాడు.

"నాలుగు మూరలా ఒక జానా మూడు అంగుళాలు," అన్నాడు.

"నాకు రెండు అంగుళాలు వచ్చింది."

"మళ్ళీ సూద్దాం."

"ఒక్క అంగుళమే లచ్చూ. అల తేడా అది. మూడు రాసుకో, పరవాలేదు."

అతను కదల్లేదు. చేతులు కట్టుకుని నా వైపే చూస్తూ నిలబడ్డాడు. బుద్రు ఒడ్డున తిరుగుదారికి కొత్త తెప్ప కడుతున్నవాడల్లా ఆగి, తాడు చేతిలో పట్టుకుని చూస్తున్నాడు.

చీర మళ్ళీ ఎగ్గట్టి దిగాను. నడుము లోతు నీళ్ళు, చల్లగా ఉన్నాయి. రెండోసారీ తేడా వచ్చింది. మూడోసారి అల తగ్గేదాకా ఆగి చూశాం, ఇద్దరికీ ఒకటే వచ్చింది. నాలుగు మూరలా ఒక జానా రెండు అంగుళాలు. ఒడ్డెక్కాక పుస్తకంలో రాశాను. పైకి చదవమన్నాడు, చదివాను. అప్పుడు పెన్సిలు తీసుకుని, బండ మీద పుస్తకం ఆనించి, నా పేరు పక్కన తన పేరు రాశాడు. తడి చేత్తో, పెద్ద పెద్ద అక్షరాలతో, పేజీ చివరిదాకా.